పసుపు అంటని గుంటలు

పల్నాడులో, నల్లరేగడి చేల మధ్య ఉన్న గుడిమెళ్లపాలెంలో చెంచురామయ్య అనే ఆసామి ఉండేవాడు. కంటికి కనపడని దయ్యమంటే ఆయనకు వణుకు, కంటి ముందున్న కూలిమనిషంటే చులకన.

ఎవరైనా తుమ్మితే బయల్దేరినవాడు మళ్లీ కూర్చునేవాడు. కొత్త పలుగు కొంటే పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి గాని పొలానికి పంపేవాడు కాదు. ఆ పలుగు పట్టుకునే మనిషిని మాత్రం పేరు పెట్టి పిలిచేవాడు కాదు. మగవాళ్లంతా "ఒరే", ఆడవాళ్లంతా "ఏమే". ఇనుముకు బొట్టు పెట్టే చేతికి, మనిషికి మంచినీళ్లు ఇవ్వడం రాలేదు. ఏం చెయ్యో అది!

ఒక వేసవిలో ఆయన మిరపచేలో నీళ్ల పైపు వేయడానికి కాలవ తవ్వించాడు. తవ్వేవాళ్లలో గురవమ్మ అనే ఆవిడ ఉంది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఊరి చివర ఒక గుడిసె, ఒక మేక, వాకిట్లో తన చేత్తో వేసుకున్న మట్టిపొయ్యి. ఇంతే ఆమె ఆస్తి. మాట కటువు, చెయ్యి మంచిది. ఎవరింట్లో ఏ వస్తువు వదిలేసి వెళ్లినా, గురవమ్మ ఉందంటే భయం లేదని ఊళ్లో అందరూ అనేవాళ్లు. ఆ మాటే ఆమెకు నగ.

ఆ రోజు గురవమ్మ పలుగు దేనికో తగిలి "టక్కు"మంది. మట్టి తీసి చూస్తే ఒక పాత కుండ. పలుగు దెబ్బకు మూతి ఊడిపోయింది. లోపల ఎప్పటి మట్టో బిగుసుకుపోయి ఉంది. ఆ మట్టిలో పైపైనే నొక్కి పెట్టినట్టు పచ్చగా మెరిసే బిళ్లలు కనపడ్డాయి. పక్కలనుంచి నల్లబడ్డ బిళ్లలు తొంగిచూస్తున్నాయి.

"అమ్మో, బంగారమే!" అన్నాడు మేస్త్రీ బసవయ్య.

"ఎవరూ చెయ్యి పెట్టొద్దు" అంది గురవమ్మ. "చేను ఆసామిది. ఆయనకు చూపించాలి."

"అయితే నువ్వే మోసుకెళ్లు. అందరం వెళితే పని ఆగిపోయిందని తిడతాడు" అన్నాడు బసవయ్య.

గురవమ్మ తలగుడ్డ చుట్టుకుని, కుండను తల మీద పెట్టుకుని, ఎండలో ఊళ్లోకి నడిచింది. దారిలో ఎక్కడా దించలేదు.

చెంచురామయ్య ఇంటి గేటు దగ్గర ఆయన భార్య శేషారత్నం ఎదురొచ్చింది. "ఆగాగు! అది నట్టింట్లోకి రాకూడదు, నువ్వూ గేటు దాటకు. అక్కడే రాయి మీద దించు" అంది. చెంచురామయ్య కుండలోకి తొంగిచూసి వణికిపోయాడు. భూమిలో దాచిన సొమ్ముకు ఏదో ఒక దయ్యం కాపలా ఉంటుందని, శాంతి చెయ్యకుండా తాకితే రక్తం కక్కుకుని పోతారని ఆయన నమ్మకం.

"పసుపునీళ్లు కలుపు! చిక్కగా కలుపు! కుంకుమ కూడా వెయ్యి!" అని కేకలు పెట్టాడు.

శేషారత్నం చెంబుతో పసుపునీళ్లు తెచ్చి కుండలో పోసింది. కొబ్బరికాయ కొట్టారు, హారతి ఇచ్చారు. ఆ తరవాతే కుండను లోపలికి తీసుకెళ్లారు. గురవమ్మ గేటు బయట నిలబడి అంతా చూసింది.

"ఇంకా ఇక్కడేం పనే నీకు? పోయి తవ్వుకో" అన్నాడు చెంచురామయ్య.

మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఆమె చేనుకు తిరిగి వెళ్లిపోయింది.

ఇలాంటివి దొరికితే సర్కారుకు చెప్పాలి. చెంచురామయ్య చెప్పలేదు. కానీ ఊరన్నాక నోళ్లుంటాయి. రెండోనాటికి తహసీల్దారు గారు జవానులతో వచ్చి కుండను పంచాయతీ ఆఫీసుకు తెప్పించారు. చూస్తే కుండలో నల్లబిళ్లలే ఉన్నాయి, పైన విడిగా వేసిన కొన్ని మాత్రం తోమినట్టు తెల్లగా ఉన్నాయి. బంగారం లేదు.

"పచ్చవి పైనే ఉండాలే! మా కళ్లతో చూశాం" అన్నారు కూలివాళ్లు.

"నా దగ్గరికి వచ్చేసరికే లేవు" అన్నాడు చెంచురామయ్య, రెప్ప వాల్చకుండా. "చేనులో ఉన్నాయంటున్నారు, నా గుమ్మంలో లేవు. మధ్యలో మోసుకొచ్చింది ఎవరు? దాన్ని అడగండి."

"అయ్యా, అట్టా అనొద్దు!" అంది గురవమ్మ. "నేను దించినప్పుడు ఉన్నాయి. అమ్మగారు పసుపునీళ్లు పోసినప్పుడూ ఉన్నాయి. అమ్మా, నువ్వన్నా చెప్పమ్మా!"

శేషారత్నం తల దించుకుంది. మాట్లాడలేదు.

ఇక చూడండి, ఊరు ఎలా తిరిగిపోయిందో. నిన్నటిదాకా "గురవమ్మ ఉంటే భయం లేదు" అన్నవాళ్లే ఇవాళ "ఎంతైనా లేనిది కదా, ఆశ పుట్టి ఉంటుంది" అన్నారు. ఎవరూ ఒక్క రుజువు అడగలేదు. చెంచురామయ్య ఇంట్లో వెతుకుదామని ఒక్కరికీ తోచలేదు. పెద్ద గేటున్న ఇల్లు కదా! గేటు లేని గుడిసె మీదికి మాత్రం పోలోమని పోయారు. బియ్యం కుండ బోర్లించారు. చాప చించారు. బంగారం పొయ్యి కింద దాస్తారని ఎవడో అంటే, బసవయ్యే పలుగు పట్టుకుని ఆమె పొయ్యిని తవ్విపోశాడు. పొయ్యి మీద గంజి ఉడుకుతోంది. అది బూడిదలో పోయింది. మేక బెదిరి అరుస్తోంది. ఇది రాస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

పొయ్యి కింద మట్టి తప్ప ఏమీ లేదు. ఏమీ దొరకలేదు కాబట్టి దొంగ కాదని అనుకోవాలి కదా? లేదు. "గట్టిదే, ఎక్కడో దాచింది" అన్నారు.

ఆ రోజు నుంచి గురవమ్మను పనికి పిలిచేవాళ్లు లేరు. కుళాయి దగ్గర ఆమె వస్తే ఆడవాళ్లు బిందెలు పక్కకు లాక్కునేవాళ్లు. ఆమె పొయ్యి మళ్లీ వేసుకోలేదు. మూడు రాళ్లు పెట్టి వండుకునేది. ఎవరైనా "పొయ్యి వేసుకోవేం?" అంటే, "తవ్వినోళ్లే వెయ్యాలి" అనేది.

పట్నం నుంచి నాణేలు చూసే అధికారి వచ్చి వెళ్లేలోపు బంగారం ఇవ్వకపోతే గురవమ్మను స్టేషనులో అప్పగించాలని పెద్దలు తీర్మానించారు.

ఆ అధికారి పేరు హైమవతి. ఆమె రాగానే పంచాయతీ ఆఫీసు అరుగు మీద తెల్లగుడ్డ పరిచింది. కుండను దాని మీద పెట్టించింది. సంచీలోంచి భూతద్దం, చిన్న త్రాసు, మెత్తని కుంచె, వెదురుపుల్ల తీసి వరసగా పెట్టుకుంది. ఊరంతా చుట్టూ మూగింది. గురవమ్మ స్తంభం పక్కన, జవాను చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడింది.

హైమవతి ముందు విడిగా ఉన్న బిళ్లలు చూసింది. కొన్ని నల్లగా ఉన్నాయి. కొన్ని తళతళ మెరుస్తున్నాయి. ఆమె ముఖం ఎర్రబడింది.

"వీటిని ఎవరు తోమారు?"

"నేనేనమ్మా" అన్నాడు చెంచురామయ్య గర్వంగా. "వెండా కాదా అని చింతపండుతో తోమించాను. ఎంత బాగా మెరుస్తున్నాయో చూడండి."

"రెండువేల ఏళ్లు భూమి కాపాడిన ఈ బిళ్లల మీది ముఖాన్ని మీరు ఇత్తడి చెంబులా తోమేశారు! ముక్కు అరిగిపోయింది, అక్షరాలు సగం పోయాయి. ఇక మీదట వీటిని ఎవరూ ముట్టుకోకండి" అంది హైమవతి.

తరవాత నల్లబిళ్ల ఒకటి తీసి తూచింది. భూతద్దం పెట్టి తిప్పి తిప్పి చూసింది. చూస్తున్నకొద్దీ ఆమె కోపం తగ్గి ముఖం విప్పారింది.

"ఇవి రోము దేశపు వెండి నాణేలు. ఓడల్లో వచ్చాయి. ఇదిగో, ఈ తల వాళ్ల రాజుది, నెత్తిన ఆకుల దండ. చుట్టూ ఉన్న అక్షరాలు ఆయన పేరూ బిరుదులూ. వెనక వైపు చూడండి, కుర్చీలో కూర్చున్న ఒక అమ్మ, చేతిలో కొమ్మ."

"ఆయమ్మ ఎవరు?" అని అడిగింది గురవమ్మ. అడిగాక, తనను ఎవరూ మాట్లాడమనలేదని గుర్తొచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మంచి ప్రశ్న వేశారు" అంది హైమవతి. గురవమ్మను "మీరు" అనడం విని జనం ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు. "కొందరు రాజుగారి తల్లే అంటారు, కొందరు వాళ్ల దేవత అంటారు. గట్టిగా చెప్పలేం. మన బట్టలకీ మిరియాలకీ బదులు ఇవి ఇచ్చి వెళ్లారు."

"మా మిరపకాయలకి కాదా?" అన్నాడు బసవయ్య.

"అప్పటికి మన దేశంలో మిరపకాయే లేదయ్యా!"

"మిరపకాయ లేదా? మరి ఎట్టా బతికారమ్మా?" అన్నాడు బసవయ్య నోరు తెరిచి. అంత కోపంలోనూ జనం నవ్వారు. గురవమ్మ నవ్వలేదు.

నవ్వులు ఆగకముందే చెంచురామయ్య ఒక బిళ్ల వైపు వేలు చూపించాడు. దాని మీద రాజు చెంపకు అడ్డంగా లోతైన గాటు ఉంది.

"చూశారా అమ్మా! ఇలాంటివి ఇంకా ఉన్నాయి. అడ్డదిడ్డంగా పలుగుతో పొడిచి పాడుచేసింది. దొంగతనం ఒకటి, పాడుచెయ్యడం ఒకటి."

హైమవతి గాటును భూతద్దం కింద పెట్టింది. "పలుగు దెబ్బయితే గాటు లోపల కొత్త వెండి తెల్లగా మెరవాలి. ఇక్కడ ముఖం మీద ఎంత నలుపు ఉందో గాటులోనూ అంతే నలుపు ఉంది. ఇది ఆ రోజుల్లోనే ఎవరో ఉలితో పెట్టిన గీత. లోపల కూడా వెండేనా అని చూశారో, ఆ రాజు మాకు రాజు కాడని చెప్పారో మనకు తెలియదు. ఈమె పెట్టింది మాత్రం కాదు."

"నా ముఖాన కూడా ఇట్టాగే గీత పెట్టారమ్మా" అంది గురవమ్మ. "వెండి మాట్లాడదు కాబట్టి ఊరుకుంది. నేను మాట్లాడాను. అయినా ఎవరూ వినలేదు."

హైమవతి ఆమె వైపు చూసింది. "ఏం జరిగిందో చెప్పండి. నేను వింటాను."

గురవమ్మ చెప్పింది. పలుగు తగలడం, దారిలో దించకపోవడం, గేటు బయట రాయి, పసుపునీళ్లు, హారతి. ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. హైమవతి చెంచురామయ్య వైపు తిరిగింది.

"కుండ మీ గేటు దగ్గరకు వచ్చేసరికే బంగారం లేదంటారు?"

"లేదు. దేవుడి మీద ఒట్టు."

"పసుపునీళ్లు ఎప్పుడు పోశారు?"

"రాగానే! శాంతి చెయ్యకుండా అలాంటివి ముట్టుకుంటామా? నా భార్యే పోసింది. కావాలంటే అడగండి."

"అవునమ్మా, నేనే పోశాను" అంది శేషారత్నం మెల్లిగా.

"ఆ తరవాత గురవమ్మ గారు కుండను ముట్టుకున్నారా?"

"ఎట్టా ముట్టుకుంటుంది?" అన్నాడు చెంచురామయ్య విసుగ్గా. "దాన్ని గేటు లోపలికే రానివ్వలేదు."

"సరే" అంది హైమవతి. కుండలోకి వంగి చూసింది. మట్టి మీద పొడిగా, వదులుగా మన్ను చల్లి ఉంది. అది ఎర్రమన్ను. ఆ చేను నల్లరేగడి. ఇళ్ల వాకిట్లో ముగ్గులేసే చోట పోసుకునే మన్ను అది. ఆమె మెత్తని కుంచెతో ఆ మన్నును తుడిచింది.

కింద బిగుసుకుపోయిన నల్లమట్టి బయటపడింది. దాని పైన ఎండిన పసుపు పొరగా కట్టి ఉంది. అక్కడక్కడా కుంకుమ మరకలు. ఆ పసుపులో గుండ్రటి గుంటలు. గుంటల చుట్టూ పసుపు ఉంది, లోపల లేదు. లోపల నల్లగా, తడి తగలనట్టుగా ఉంది. ఒక్కో గుంట అంచున దబ్బనంతో గీకిన గీత ఉంది.

"అందరూ దగ్గరికి రండి" అంది హైమవతి. ఆమె గొంతు పెరగలేదు. ఆ గొంతులో కోపం మాత్రం అందరికీ వినపడింది. "మీరు అన్నం తిన్న కంచం తీసేసి నేల అలికితే, కంచం ఉన్న చోట కూడా పేడ అంటుతుంది. కంచం తియ్యకుండా అలికితే అక్కడ అంటదు. అంతేనా?"

"అంతే" అన్నారు ఆడవాళ్లు.

"బంగారం ముందే పోయి ఉంటే ఈ గుంటల్లోకి పసుపునీళ్లు దిగాలి. దిగలేదు. ఎందుకు దిగలేదు?"

 అందరికీ అర్థమైంది. చివరికి బసవయ్యే అన్నాడు. "నీళ్లు పోసినప్పుడు బిళ్లలు అక్కడే ఉన్నాయి కాబట్టి."

"నీళ్లు పోసింది ఎవరి గేటు దగ్గర?"

బసవయ్య తల తిప్పి చెంచురామయ్యను చూశాడు. ఊరంతా చూసింది.

 శేషారత్నం అక్కడినుంచి లేచి గబగబా ఇంటికి పోయింది. తిరిగొచ్చేటప్పుడు చేతిలో పూజగదిలోని పసుపు డబ్బా ఉంది. తెల్లగుడ్డ మీద దాన్ని బోర్లించింది. పసుపులోంచి బంగారు బిళ్లలు జారిపడ్డాయి.

"దయ్యం శాంతంగా ఉంటుందని పసుపులోనే దాచమన్నారు" అని ఏడ్చింది.

హైమవతి ఒక బిళ్లను తుడిచి, ఒక గుంటలో పెట్టింది. అది గట్టిగా కుదరలేదు. ఇంకో గుంటలో పెట్టింది. సరిగ్గా కూర్చుంది. మళ్లీ తీసి చూపిస్తే గుంట అడుగున మట్టిలో రాజు ముఖం ఉంది. ముక్కు, గడ్డం, ఆకుల దండ, అక్షరాలు, అన్నీ అద్దంలోలా తిరగబడి ఉన్నాయి.  చూశారా పిల్లలూ, అక్షరం కాగితం మీదే ఉండాలని లేదు. అక్షరాలు నేర్చేసరికి నాకు తల నెరిసింది, కానీ మట్టి కూడా చూసినదాన్ని రాసి పెట్టుకుంటుందని ఈ కథ దగ్గరే తెలిసింది.

గురవమ్మ ముందుకొచ్చింది. ముందు శేషారత్నం ఎదుట ఆగింది.

"నువ్వు కళ్లారా చూశావు కదమ్మా. చెప్పమని అడిగాను కదమ్మా. నోరు రాలేదా?"

శేషారత్నం చేతులు జోడించింది. గురవమ్మ ఆ చేతుల వైపు చూడలేదు. చెంచురామయ్య ముందుకు వెళ్లింది. ఇన్నాళ్లూ "అయ్యా" అన్న నోటితోనే అంది.

"చెంచురామయ్యా! కుండలో దయ్యానికి భయపడి కొబ్బరికాయ కొట్టావే, గేటు బయట నిలబడ్డ మనిషికి భయపడాలని తెలియలేదా? నన్ను లోపలికి రానివ్వని నీ గేటే ఇవాళ నా పక్షాన సాక్ష్యం చెప్పింది."

తహసీల్దారు గారు జవానుకు సైగ చేశారు. "పద, స్టేషనుకు" అన్నాడు జవాను చెంచురామయ్యతో.

"ఆగండి బాబూ" అంది గురవమ్మ. "స్టేషను ఎక్కడికీ పోదు. ముందు నా పొయ్యి సంగతి తేలాలి."

"దొరికిన సొమ్ములో నీకు సర్కారు ఇచ్చే వాటా వస్తుందమ్మా" అన్నారు తహసీల్దారు గారు. "దాంతో ఇల్లే కట్టుకోవచ్చు, పొయ్యి ఎంత?"

"అది సర్కారు ఇచ్చేది. ఇది వీళ్లు ఇవ్వాల్సింది. తవ్వినోళ్లే వెయ్యాలి."

తహసీల్దారు గారు హైమవతి వైపు చూశారు. "న్యాయమే కదండీ" అంది ఆమె. నాణేలను బంగారం వేరుగా, వెండి వేరుగా పొట్లాలు కట్టించి, ముద్ర వేయించి, మట్టితో ఉన్న కుండను కదలకుండా పెట్టెలో పెట్టించి, తానూ గుడిసె దగ్గరికి నడిచింది.

ఊరంతా ఆ వాకిట్లో నిలబడింది. చెంచురామయ్య పంచె ఎగ్గట్టి మట్టి తొక్కాడు. బసవయ్య నీళ్లు మోశాడు. గురవమ్మ మేకను పట్టుకుని గట్టు మీద కూర్చుని చూసింది.

"నీళ్లు ఎక్కువైనాయి. ఊక వెయ్యి" అంది.

చెంచురామయ్య ఊక వేశాడు.

"ఆ పక్క వంకర. కుండ నిలవదు. తీసి మళ్లీ వెయ్యి."

తీసి మళ్లీ వేశాడు. మోచేతుల దాకా మట్టి. చెమట కారి కళ్లల్లో పడుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి లేదు. ఆయన జీవితంలో మొదటిసారి నోరు ఎండింది. "గురవమ్మా, కాసిని మంచినీళ్లు" అన్నాడు.

పేరు పెట్టి పిలవడం అదే మొదలు. గురవమ్మ లేచి, చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన గటగట తాగాడు.

"నీళ్లిచ్చావు. అయితే నీ కోపం పోయినట్టేనా?" అని అడిగాడు ఆశగా.

"నీళ్లు దాహానికి ఇచ్చాను" అంది గురవమ్మ. "కోపం వేరే. పొయ్యి ఆరడానికి ఎండ చాలు. ఇది ఆరడానికి నువ్వూ ఈ ఊరూ చాలా రోజులు మంచిగా బతకాలి."

వాకిట్లో నిలబడ్డవాళ్లు ఒక్కరూ తలెత్తలేదు. కుళాయి దగ్గర బిందెలు లాక్కున్నవాళ్లూ అక్కడే ఉన్నారు. చాప చించినవాళ్లూ అక్కడే ఉన్నారు. బంగారం తీసింది చెంచురామయ్య ఒక్కడే. గురవమ్మ పేరు తీసింది మాత్రం అందరూ.

అందుకే పిల్లలూ, లేనివాళ్లు కదా అని రుజువు చూడకుండా ఎవరినీ దొంగ అనకూడదు. అన్నామంటే, అసలు దొంగ చేసిన పాపంలో మనమూ వాటా తీసుకున్నట్టే.